నాలుగెకరాల చెలక, రెండు ట్రాక్టర్ల పెంట

మట్టి గురించి రైతులకు సలహాలిచ్చే పని నాది. 2018 మే నెలలో మొదటిసారి ఆ చెలకలో (వాన మీద పండే ఎర్రనేల చేను) అడుగుపెట్టాను. మరికల్‌కూ మక్తల్‌కూ మధ్య ఒక చిన్న ఊరు. అప్పటికింకా మహబూబ్‌నగర్ జిల్లానే, మరుసటి ఏడు ఫిబ్రవరిలో నారాయణపేట జిల్లాలోకి పోయింది. రైతు 38 ఏళ్ల ఆడమనిషి. పేరు రాయనని మాటిచ్చాను కాబట్టి ఇక్కడంతా అక్క అనే అంటాను. భర్త పుణేలో సెంట్రింగ్ పని చేస్తూ దసరాకో ఉగాదికో ఇంటికొస్తాడు. ఇంట్లో అత్త, ఇద్దరు పిల్లలు, ఒక బర్రె, ఆరు మేకలు. ఎడ్లను అమ్మేసి అప్పటికి నాలుగేళ్లు. సొంత భూమి 2 ఎకరాల 20 గుంటలు (40 గుంటలు ఒక ఎకరం), దాన్ని ఆనుకుని కౌలుకు తీసుకున్నది 1 ఎకరం 20 గుంటలు. మొత్తం 4 ఎకరాలు. బోరు లేదు, వాన పడితేనే పంట.

"అడుగు మందు రెండు బస్తాలు ఏసినా పత్తి మోకాలు దాటుతలేదు మేడం, ఏం రోగమో చూడుండ్రి" అని పిలిచింది. చూడ్డానికి మే నెలలో పైరేముంటుంది? అందుకే గడ్డపార అడిగాను. నాలుగు వేళ్ల లోతు దిగి ఠంగుమని ఆగింది. పైన గరుసు కలిసిన ఎర్ర ఇసుక మట్టి, దాని కింద ట్రాక్టర్ నాగలి ప్రతి ఏడూ ఒకే లోతులో రుద్దీ రుద్దీ తయారుచేసిన గట్టి పొర. అంతకు నాలుగు రోజుల కింద ఒక వాన పడింది. ఆ వానకు నేల మీద సన్నటి పెచ్చు కట్టింది, గోరుతో లేపితే అప్పడంలా విరిగింది. పత్తి మొలక దీన్ని చీల్చుకుని రావాలి. రాలేనివన్నీ లోపలే మెడ వంచుకుని చచ్చిపోతాయి. ఆమె "మొలక సరిగ్గా రాదు, ప్రతి ఏడూ రెండోసారి గింజ పెడతా" అన్నది ఇందుకే. పాపం విత్తనాన్ని తిట్టుకుంటూ వచ్చింది ఇన్నాళ్లూ.

ఆ రోజు ఒక చిన్న పని చేశాను. ప్రతి ఊళ్లో చేస్తాను, దీనికి ల్యాబ్ అక్కర్లేదు. రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పోయించాను. చెలక మధ్యలోంచి ఎండిన మట్టి పెళ్ల ఒకటి, గెట్టు మీద వేపచెట్టు కింద ఎవరూ దున్నని చోటు నుంచి ఇంకొకటి, రెండూ నిమ్మకాయంత. ఒకేసారి గ్లాసుల్లో వదిలాను. చెలక పెళ్ల బుడగలు వదులుతూ, చాయ్‌లో ముంచిన రస్కులా నిమిషంలోపు అడుగుకు జారిపోయింది. నీళ్లు ఎర్రగా మారాయి. గెట్టు పెళ్ల అలాగే కూర్చుంది. మేము చాయ్ తాగి, నేను కాగితాలు రాసుకుని లేచేదాకా కూడా కూర్చునే ఉంది. నీళ్లు తేట.

రెండూ ఒకే మట్టి, మధ్య దూరం పది అడుగులు. అక్క అత్త (ఊరంతా పిలిచినట్టే నేనూ అవ్వ అంటాను) గ్లాసులను చాలాసేపు చూసి, "గెట్టు మీద ఆకు రాలుతది. చెలకల ఏం రాలుతది?" అంది. నేను పాఠం చెప్పడానికి సిద్ధమవుతున్నాను, ఆ పాఠం ఆమె ముందే చెప్పేసింది.

అవ్వ కాలంలో ఆ చెలకలో జొన్న, కంది, ఆముదం కలిపి వేసేవాళ్లు. జొన్న చొప్ప ఎడ్లు తినేవి, వాటి పెంట (పేడ ఎరువు) మళ్లీ చెలకకు వచ్చేది. కంది ఆకు కోతకు ముందే రాలి నేలలో కలిసేది. పత్తి వచ్చాక ఏటేటా పత్తే. పత్తి దూది మార్కెట్‌కు పోతుంది, కట్టె పొయ్యిలోకి పోతుంది, మిగిలింది గెట్టు పక్కన కాలిపోతుంది. ఎడ్లు పోయాయి కాబట్టి పెంట కూడా పోయింది. మట్టి నుంచి బయటికి పోయే దారులే గానీ లోపలికి వచ్చే దారి ఒక్కటీ మిగల్లేదు. పత్తి కట్టెను కాల్చొద్దు, ముక్కలు చేసి నేలలో కలపండి అని మేము కరపత్రాల్లో రాస్తాం. ఇంట్లో వంట ఆ కట్టె మీదే అవుతున్నప్పుడు ఆ కరపత్రం ఎవరి కోసం రాసినట్టు? గ్యాస్ సిలిండర్ ఉంది. చుట్టాలొచ్చినప్పుడు మాత్రమే వెలిగిస్తారు.

మట్టి నమూనా పద్ధతి ప్రకారమే తీశాం. గెట్టు, చెట్టు నీడ, పెంటకుప్ప ఉన్న చోటు వదిలేసి, పది చోట్ల 'వి' ఆకారంలో జానెడు గుంత తీసి, గుంత గోడ నుంచి పైనుంచి కిందికి ఒక పొర చెక్కి, అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు పారేస్తూ చివరికి అరకిలోకు తెచ్చాం. సొంత భూమికి వేరు, కౌలు భూమికి వేరు. ఫలితాలు దాదాపు ఒకటే. సేంద్రియ కర్బనం, అంటే ఆకూ పెంటా కుళ్లి నేలలో మిగిలే కర్బనం, 0.28 శాతం (0.5 కంటే తక్కువుంటే తక్కువ కిందే లెక్క). ఉదజని సూచిక (పీహెచ్) 6.4, దాంతో ఇబ్బంది లేదు. పొటాష్ మధ్యస్థం. భాస్వరం ఎక్కువ. గంధకం, జింకు, బోరాన్ మూడూ తక్కువ.

భాస్వరం ఎక్కువ అన్న మాట దగ్గర అక్క ఆగిపోయింది. ఎకరానికి రెండు బస్తాల డీఏపీ ఏటా వేస్తోంది మరి. పైరు వాడుకున్నది వాడుకోగా మిగిలింది నేలలో బిగిసి కూర్చుంది. గంధకం కథ కూడా ఇక్కడే ఉంది. ఒకప్పుడు అందరూ సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేసేవాళ్లు. అందులో భాస్వరం 16 శాతమే, కానీ వెంట 11 శాతం గంధకం, కాల్షియం ఊరికే వచ్చేవి. ఎవరికీ తెలియకుండానే నేలకు అందేవి. డీఏపీలో నత్రజని 18, భాస్వరం 46. బస్తా మోయడం తేలిక, పైరు తొందరగా పచ్చబడుతుంది, గంధకం మాత్రం లేదు. ఇది ఈ ఒక్క చెలక సంగతి కాదు. 2000 దశకం మొదట్లో పటాన్‌చెరులోని ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) వాళ్లు మహబూబ్‌నగర్, నల్లగొండ, కర్నూలు జిల్లాల రైతుల పొలాల్లో మట్టి తీసి చూస్తే ఎక్కువ చోట్ల ఈ మూడే తక్కువగా తేలాయి. అంతకుముందు మనమంతా మెట్ట చేలల్లో కరువు అంటే నీళ్ల కరువే అనుకునేవాళ్లం.

ఇక్కడిదాకా నా పని బాగానే ఉంది. తర్వాతి సలహాలోనే తప్పు చేశాను.

20 గుంటల్లో జనుము చల్లించాను. తొలకరికి చల్లి, 45 రోజులకు పూత మీద కలియదున్ని, తర్వాత ఆముదం పెట్టాలని ప్లాన్. కాగితం మీద చక్కటి ప్లాన్. జనుము ఏపుగానే పెరిగింది, నడుము ఎత్తు వచ్చింది, నేను ఫోటోలు కూడా తీసుకున్నాను. జూలై ఆఖరున కలియదున్నాం. ఆ తర్వాత మూడు వారాలు వాన లేదు. ఉన్న తేమంతా జనుము అప్పటికే తాగేసింది. దున్నిన కాడలు కుళ్లడానికి కూడా తడి లేక తాళ్లలా అలాగే పడి ఉన్నాయి. ఆముదం గింజ ఆ తాళ్ల మధ్య మాడిపోయింది. ఆగస్టు ఆఖరులో ఉలవలు చల్లి ఏదో మేత దక్కించుకున్నారు. ఆ 20 గుంటల పత్తి పైసలు ఆ ఏడు ఇంటికి రాలేదు.

పచ్చిరొట్ట, అంటే ఇలా జనుములాంటిది పెంచి పచ్చిగానే నేలలో కలియదున్నడం, మంచిదే. చెరువు కిందో, బోరు కిందో, వరి నాటే ముందు వేసుకునే వాళ్లకు. ఏడాదికి ఒకే పంట, ఆ పంటకూ వానే దిక్కు అయిన చోట నెలన్నర కాలాన్నీ, ఆ నెలన్నర తేమనూ పచ్చిరొట్టకు ఇవ్వమనడం అంటే తిండి మానేసి టానిక్ తాగమన్నట్టు. ఇది నాకు తెలియక కాదు, పథకంలో జనుము విత్తనం సబ్సిడీలో వచ్చింది కాబట్టి దాని వెంట పోయాను. అక్క ఒక్క మాట అనలేదు. అవ్వ మాత్రం "చదువుకున్నోళ్ల ఎగసం (వ్యవసాయం) ఒక్కయేడు చూసినం" అంది నవ్వుతూ. ఆ ఏడు నష్టానికి నా దగ్గర పరిహారం ఏమీ లేదు. మరుసటి ఏడు ఆ ఊరికి వెళ్లడానికి మొహం చెల్లక ఏప్రిల్ దాకా సాగదీశాను.

2019 ఏప్రిల్‌లో వెళ్లినప్పుడు సలహాలు పక్కన పెట్టి లెక్క వేసుకుందామన్నాను. ఇంటి ముందు అరుగు మీద కూర్చుని, ఏం ఉన్నాయో అవి రాశాం. బర్రె, మేకల పెంట కలిపి ఏడాదికి రెండు ట్రాక్టర్లు, అంటే నాలుగు టన్నులు అనుకుందాం. ఎకరానికి నాలుగు టన్నులు వేయాలని మేం చెప్తాం. ఆమెకున్నది నాలుగెకరాలు, అంటే 16 టన్నులు కావాలి. ఉన్నదాన్ని నాలుగెకరాల మీద చల్లితే ఎకరానికి టన్ను. ఇన్నేళ్లూ ఆమె చేస్తున్నది అదే. అన్ని సాళ్లకూ న్యాయం చేయాలని గంపలతో తలా ఇంత. ఎక్కడా ఆనవాలు లేకుండా పోతోంది.

ఇంకో లెక్క కూడా చెప్పాను. ఎకరం నేలలో పైన ఆరంగుళాల మందం మట్టి సుమారు 900 టన్నులు తూగుతుంది. 20 గుంటలంటే 450 టన్నులు. కర్బనం 0.28 నుంచి 0.5 కు రావాలంటే ఆ 20 గుంటల్లోనే దాదాపు ఒక టన్ను కర్బనం నేలలో నిలవాలి. నాలుగు టన్నుల పెంటలో సగం నీళ్లే. మిగతా దాంట్లో కర్బనం 700 కిలోలు ఉందనుకున్నా, మన ఎండలకు సూక్ష్మజీవులు చాలా భాగం తినేసి గాలిలో కలిపేస్తాయి. రెండు మూడేళ్లకు నిలిచేది వంద కిలోలు ఉంటే గొప్ప. అంటే ఒక్క 20 గుంటలకే, ఉన్న పెంటంతా పెడితే, పదేళ్ల పని. రెండేళ్లలో కర్బనం రెట్టింపు అని సీసాల్లో ద్రావణాలు అమ్మేవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఈ లెక్కే గుర్తొస్తుంది.

అక్క లెక్క విని, "అయితే ఒక్క ముక్కకే పెడదాం. ఏడాదికో ముక్క" అంది. మా శిక్షణల్లో ఇలా చెప్పరు, మొత్తం కమతం అంటారు. కానీ ఆమె చెప్పిందే సరైంది. తలా పిడికెడు పెంట వేస్తే నేలలో ఏ గుణమూ మారదు. ఒక చోట ఒకేసారి గట్టిగా పడితే పెచ్చు కట్టడం తగ్గుతుంది, మొలక వస్తుంది, ఆ ముక్కలోనైనా రెండోసారి గింజ పెట్టే ఖర్చు తప్పుతుంది. సొంత భూమిని 20 గుంటల చొప్పున ఐదు ముక్కలు చేశాం. మొదటి ముక్క నా జనుము పాడుచేసిందే. అది నా పట్టుదల.

పెంట ఒక్కటే చాలదు కదా, ఇంకేముంది అంటే చెరువు మట్టి. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు ఊరి చెరువులో పూడిక తీశారు. తవ్వకం ఖర్చు సర్కారుది, తోలుకుపోయే ఖర్చు రైతుది. అక్క దగ్గర అప్పుడు ట్రాక్టర్ కిరాయికి పైసలు లేక ఒక్క ట్రిప్పు కూడా తోలుకోలేదు. ట్రాక్టర్ ఉన్నవాళ్ల చేలకే ఆ నల్లమట్టి పోయింది. 2019 వేసవిలో కుంట ఎండితే కొందరు రైతులు కలిసి జేసీబీ మాట్లాడుకున్నారు. అక్క సంఘంలో అప్పు తీసి 15 ట్రాక్టర్లు తోలించింది. ఆ వానాకాలం నుంచే రైతుబంధు ఎకరానికి 4 వేల నుంచి 5 వేలు చేశారు, ఆమెకు 12,500 వస్తాయన్న ధైర్యంతో. మట్టిని ముందే పరీక్షకు పంపాను, ఉప్పు ఎక్కువుంటే మొదటికే మోసం. బాగానే ఉంది. ఇసుక చెలకకు బంక మట్టి కలిస్తే నీళ్లు నాలుగు రోజులు ఎక్కువ ఆగుతాయి, పెంటలోని సారం కూడా ఆ బంకను పట్టుకునే నిలుస్తుంది. చేసేటప్పుడు ఒకటే జాగ్రత్త: కుప్పలుగా వదిలేయకుండా వాన పడకముందే పలచగా నేర్పి, ఎండకు గడ్డలు పగిలాక గుంటుక (పైమట్టిని కదిపే పనిముట్టు) తోలాలి. అది చేశాం. చేయనిది ఒకటుంది. మట్టితో పాటు తుంగ గడ్డలు వచ్చాయి. రెండేళ్లు ఆ తుంగతో అక్క పడ్డ పాట్లు చూశాక ఇప్పుడు ఎవరికి చెప్పినా చెరువులో తుంగ లేని వైపు తవ్వుకోండి అని మొదట చెప్తున్నాను.

మూడోది మంద. ఇది నా ఆలోచన కాదు, అవ్వది. పాలమూరులో గొర్రెలకు కొదవ లేదు. కోతలయ్యాక కురుమలు మందలను చేలల్లో రాత్రిళ్లు ఆపుతారు, దానికి రైతు జొన్నలో పైసలో ఇస్తాడు. పత్తి వచ్చాక ఆ ఊళ్లో ఈ అలవాటు దాదాపు పోయింది. అవ్వ పొరుగూరి నుంచి మందను పిలిపించింది. మూడు వందల గొర్రెలు, మూడు రాత్రులు, 20 గుంటలు. ఒక రాత్రి నేనూ ఉన్నాను. చుట్టూ వల కట్టి, కాపరి మధ్యలో గొంగడి పరుచుకున్నాడు. అర్ధరాత్రి ఒకసారి, తెల్లారుజామున ఒకసారి లేచి మందను అదిలించి పక్కకు జరిపాడు. ఎందుకని అడిగితే, "లేస్తేనే పోస్తయ్" అన్నాడు. పడుకున్న గొర్రె లేవగానే మూత్రం పోస్తుంది. ఒకే చోట పడకుండా చెలకంతా పడేలా జరుపుతాడు. గొర్రె పెంటలో నత్రజని 3 శాతం దాకా ఉంటుందని, పశువుల పెంటలో అర శాతమేనని నాకు తెలుసు. గొర్రెను లేపాలని తెలియదు. నేను చేర్చగలిగింది ఒక్కటే: పొద్దెక్కకముందే గుంటుక తోలి మట్టి కప్పాలి, లేకపోతే ఆ నత్రజని ఎండకు ఆవిరైపోతుంది. ముక్కు పుటాలదిరే ఆ వాసన పోతున్న యూరియానే అని చెప్తే అక్కకు బాగా ఎక్కింది. అప్పటి నుంచి గుంటుక అద్దెకు దొరక్కపోతే మందను రానివ్వదు.

బస్తాల విషయం త్వరగా చెప్పేస్తాను. ఆ ముక్కలో డీఏపీ ఆపి ఒక బస్తా సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ (సూపర్) వేశాం. దుకాణంలో "దాంట్ల బలం ఉండదమ్మా" అని రెండుసార్లు వెనక్కి పంపారు, మూడోసారి నేను వెంట వెళ్లాను. జింక్ సల్ఫేట్ 10 కిలోలు, సూపర్‌తో కలపకుండా వేరే రోజు వేశాం. భాస్వరంతో కలిస్తే జింకు బిగుసుకుపోతుంది. 20 శాతం బోరాన్ ఉన్న పొడి అరకిలో, ఇసుకలో కలిపి చల్లాం. "గింతేనా?" అని రెట్టింపు చేయబోయింది. బోరాన్ చాలీచాలకపోతే కాయ నిలవదు, కొద్దిగా ఎక్కువైతే ఆకు అంచులు మాడిపోతాయి. చాలడానికీ ఎక్కువవడానికీ మధ్య దూరం చాలా తక్కువ. జింకు, బోరాన్ ఏటా అక్కర్లేదు, మూడేళ్లకోసారి పరీక్ష చూసి వేస్తే చాలు. దున్నడం వాలుకు అడ్డంగా మార్చాం, నాలుగు సాళ్ల పత్తికి ఒక సాలు కంది పెట్టాం. గెట్ల మీద గ్లైరిసిడియా కొమ్మలు నాటాం. అలవాటు లేని మేకలు దాని వాసనకే మూతి తిప్పుకుంటాయి కాబట్టి బతికింది. మూడో ఏటి నుంచి ఏడాదికి రెండుసార్లు కొమ్మ కొట్టి సాళ్ల మధ్య పరుస్తున్నారు. పచ్చిరొట్ట కావాలంటే చెలకలో కాదు, గెట్టు మీద పెంచాలని నాకు అలా అర్థమైంది.

ఫలితం. 2019లో మొదటి ముక్కలో ఒకే గింజకు మొలక నిండుగా వచ్చింది. పెచ్చు కట్టింది కానీ మెత్తగా, పగుళ్లతో. ఆ 20 గుంటలకు మూడున్నర క్వింటాళ్ల పత్తి తీశారు. పక్క ముక్కలో రెండు కూడా రాలేదు. సంబరపడ్డాం. 2020లో తెలంగాణ అంతటా వానలు దంచికొట్టాయి. చెరువు మట్టి తోలిన ముక్కలో నీళ్లు నిలిచి కాయ కుళ్లింది, మట్టి తోలని గరుసు చెలకే నయమనిపించింది. నీళ్లు పట్టి ఉంచే గుణం ఇచ్చాం, బయటికి పోయే కాలువ ఇవ్వలేదు. రెండో ముక్క నుంచి మట్టి ఎనిమిది ట్రాక్టర్లకు తగ్గించి, వాలు చివర ఒక కాలువ తీశాం. ఆ రెండేళ్ల తేడా చూపించి ఇంత శాతం పెరిగిందని నేను ఎక్కడా రాయలేదు. ఒకే చెలక, ఒకే రైతు, ఒక వాన తక్కువ ఏడు, ఒక వాన ఎక్కువ ఏడు. దాంట్లోంచి శాతాలు తీయడం కుదరదు.

కౌలు ముక్క సంగతి చెప్పకపోతే ఈ కేసు పూర్తి కాదు. అందులో ఏమీ పెట్టొద్దని నేను మొదటి నుంచీ అన్నాను. రైతుబంధు కూడా దానికి పట్టాదారుకే వచ్చేది, ఆమెకు కాదు. అయినా 2021లో మంద రెండు రాత్రులు ఎక్కువ దొరికితే, ఊరికే పోతుందని కౌలు భూమిలో పెట్టించింది. ఆ ఏడు పంట బాగా కనపడింది. పట్టాదారుకు కూడా కనపడింది. మరుసటి ఉగాదికి కౌలు పెంచమన్నాడు, ఇవ్వలేనంటే భూమి వెనక్కి తీసుకున్నాడు. నోటి మాట కౌలు, కాగితం లేదు. "ఆయన భూమి ఆయన తీసుకుండు, నా పెంట ఎట్ల తీసుకోవాలె?" అని అడిగింది. ఏడ్చి కాదు, నిజంగానే అడిగింది. మట్టి బాగుచేయడం మీద నాకు తెలిసిందంతా ఆ ప్రశ్న దగ్గర ఆగిపోతుంది.

2023 నాటికి సొంత భూమిలో ఐదు ముక్కలూ ఒకసారి పూర్తయ్యాయి. 2024 వేసవిలో మొదటి ముక్కకు మళ్లీ పరీక్ష చేయించాం. కర్బనం 0.41. అందులో చాలా భాగం చెరువు మట్టి వెంట తెచ్చిందే అని నా అనుమానం. గ్లాసు పరీక్ష అవ్వ అడిగి మరీ చేయించింది. చెలక పెళ్ల ఈసారి అంచులు జారుతూ పావుగంట నిలబడింది. నీళ్లు ఎర్రబడ్డాయి, కానీ లేతగా. వేప కింది పెళ్లకు ఇంకా చాలా దూరం. తవ్విన చోట మూడు ఎర్రలు (వానపాములు) కనపడితే అక్క చిన్న కొడుకు వాటిని చేపల గాలానికి పట్టుకుపోబోతే అవ్వ చేతి మీద ఒకటి వేసింది.

రెండో చుట్టు ఇప్పుడు మొదటి ముక్క నుంచి మొదలవ్వాలి. అడ్డం పడుతున్నది నేను ఊహించనిది. అక్క చెలకను చూసి చుట్టుపక్కల పదిమంది మందకు ఎగబడ్డారు. కురుమలకు ఇప్పుడు అడిగిన రేటు, రాత్రికి మొదట ఇచ్చినదానికి రెండింతలు. ముందే పైసలు కట్టి తేదీ రాయించుకోవాలి. ఈ ఏడు అక్కకు మూడు రాత్రులకు బదులు ఒక్క రాత్రే దొరికింది.